వేలికి తగిలిన గోడ మూల

నా ఉద్యోగంలో చివరి మూడేళ్లు తిరుపతిలో గడిచాయి. అంతకుముందు చిత్తూరు ఆఫీసులో ట్రేసింగ్ కాగితం మీద భవనాల ప్లాన్లు సిరాతో గీసినవాణ్ణి. ఇక్కడికి సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా బదిలీ అయ్యేసరికి పనంతా కంప్యూటర్లోకి మారిపోయింది. మా హోదా చిన్నది. ఇంజనీరు నిర్ణయిస్తాడు, మేం గీస్తాం. డ్రాయింగు అడుగున ‘గీసినవారు’ అన్న గడిలో పొట్టి సంతకం తప్ప మా జాడ ఎక్కడా ఉండదు.

ఒక వేసవిలో మా అసిస్టెంట్ ఇంజనీరు అలవాటు లేని పనొకటి అప్పగించారు. మేం కట్టిస్తున్న హైస్కూలు కొత్త భవనం బడి తెరిచేనాటికి సిద్ధం కావాలి. అక్కడ తెలుగు చెప్పే ప్రమీల టీచరుకు జబ్బు చేసి చూపు పూర్తిగా పోయింది. పాత భవనంలో అలవాటు కొద్దీ తిరిగేవారు. కొత్తదానిలో నడవాలు, మలుపులు ఎక్కువ. గేటు నుంచి తరగతికి ఎవరి సాయమూ లేకుండా వెళ్లగలిగితే పాఠాలు ఆమెకే ఉంటాయి, లేకపోతే ఆఫీసు గదిలో కూర్చోవలసి వస్తుందని హెడ్మాస్టరు చెప్పారట. అందుకని చేత్తో తడిమి తెలుసుకునే పటం కావాలని ఆమె అడిగారు.

దానికొక ప్రత్యేకమైన కాగితం ఉంది. నల్లగా అచ్చయిన గీతలు వేడి తగిలితే ఉబ్బి పైకి లేస్తాయి. అంధులకు పుస్తకాలు తయారుచేసే ఒకచోట ఆ ఏర్పాటు ఉందని తెలిసింది. కింది అంతస్తు ప్లాను తీసి, కొలతలూ అక్షరాలూ తొలగించి, గోడలు మాత్రం ఉంచి, వేళ్లకు అందేలా పెద్దది చేసి పంపాను.

పటం వచ్చిన రోజు ప్రమీల టీచరు భర్తతో మా ఆఫీసుకు వచ్చారు. ఆయన పేరు జయపాల్. పాకాలలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాక కూడా చేయి వదల్లేదు. ఆమే మెల్లగా విడిపించుకుని కాగితం మీద వేళ్లు ఉంచారు. గేటు, వరండా దాటి నడవాలోకి వచ్చారు. ఆఫీసు గది వాకిలి దొరికింది. ఇంకొంచెం ముందుకు పోయి వేలు ఆగింది.

“ఈడ ఇంకో వాకిలి ఉండాదా సార్?”

“లేదు మేడమ్, అది గోడ మూల” అన్నాను.

“మూలైతే నా వేలు బయటికి ఎట్ల పాయ?”

వంగి చూశాను. రెండు గోడలు కలవాల్సిన చోట సన్నటి సందు ఉంది. నిజానికి ఆఫీసు గది తర్వాత ఆమె తరగతిదే రెండో వాకిలి, ఆ సందును కూడా వాకిలిగా లెక్కపెడితే అది మూడోది అవుతుంది. భవనంలో మూడో వాకిలి తెరిస్తే వెనక పెరట్లోకి దిగే మెట్లు. ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

జయపాల్ ముఖం పాలిపోయింది. “సాల్లే ప్రమీలా, ఇంటికి పోదాం. యాడన్నా పడితే ఎవురు సూసేది? కాదంటావా, దినామూ నేనే పట్టుకోని తీసకపోతా.”

“తరగతిలోకి నువ్వు నా సెయ్యి పట్టుకోని వస్తే పిల్లోళ్లు నన్ను టీచరనుకోరయ్యా, పేషెంటనుకుంటారు.”

ఆమె మళ్లీ వేళ్లు కదిపి, ఇంకోచోట ముల్లు మాదిరి ఏదో గుచ్చుకుంటోందని చూపించారు. అక్కడ ఒక గీత మూల దాటి ముందుకు పొడుచుకొచ్చింది.

వాళ్లు వెళ్లాక ఫైలు తెరిచి మూలలను పెద్దవి చేసి చూశాను. చాలాచోట్ల అదే పరిస్థితి. కట్టేవాళ్లకు దీనితో ఇబ్బంది లేదు, ఆ కాస్త ఎడాన్ని కన్ను తనే పూరించుకుంటుంది. మేం వాడే సాఫ్ట్‌వేర్లో ఫిల్లెట్ అనే ఆదేశం ఉంది. మామూలుగా అది మూలను గుండ్రంగా తిప్పుతుంది. వ్యాసార్ధం సున్నా ఇస్తే మాత్రం తగ్గిన గీతను సాగదీసి, మిగిలినదాన్ని కోసి, రెండింటినీ ఒక్క బిందువులో కలుపుతుంది. గోడకు రెండు గీతలుంటాయి కాబట్టి బయటిదాన్ని బయటిదానితో, లోపలిదాన్ని లోపలిదానితో కలపాలి. దగ్గరగా ఉన్న కొసలన్నింటినీ ఒకేసారి కలిపే పద్ధతి కూడా ఉంది కానీ, అది నిజమైన ఇరుకు వాకిళ్లను కూడా మూసేస్తుందేమోనని ఒక్కో మూలా చేత్తోనే కలిపాను. ఆ తర్వాత రెండు గీతల మధ్య నలుపు నింపాను. ఎక్కడైనా సందు మిగిలి ఉంటే నింపడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అన్ని గోడలూ నిండాయి.

రెండో పటాన్ని ప్రమీల టీచరు ఇంటికి తీసుకెళ్లారు. బడి తెరిచే ముందు ఖాళీ భవనంలో భర్తతో కలిసి నడిచి, పటాన్నీ నేలనూ సరిపోల్చుకున్నారని తర్వాత తెలిసింది.

బడి తెరిచిన ఉదయం నేనూ వెళ్లాను. ప్రమీల టీచరు గేటు దగ్గర స్కూటరు దిగి, పటాన్ని భర్త చేతిలో పెట్టారు.

“నువ్వీడే ఉండయ్యా. ఇంక నేను పోతా.”

“బద్రం” అన్నాడాయన.

ఆమె చేతికర్ర నేలకు తాకించుకుంటూ వరండా ఎక్కి నడవాలోకి వెళ్లిపోయారు. గేటు దగ్గరికి లోపల ఏమీ కనిపించదు. జయపాల్ పటాన్ని స్కూటరు సీటు మీద పరిచి, ఉబ్బిన గోడ మీద వేలు పెట్టాడు. ఆమె నడక ఎంత వేగమో ఆయనకు తెలుసు. అదే వేగంతో వేలు జరుపుతూ పోయాడు.

“ఇబ్బుడు ఆఫీసు కాడ ఉంటాది సార్.” కాసేపటికి, “మూల కాడికి వచ్చుంటాది” అన్నాడు. మూల తిరిగి, తరగతి వాకిట్లో వేలు ఆపి నిలబడ్డాడు.

లోపలి నుంచి పిల్లలందరూ ఒక్కసారిగా లేచి నమస్కారం చెప్పడం వినబడింది. ఆయన వేలు తీయలేదు. రెండో చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మూలలను పెద్దవి చేసి చూడకుండా ఏ డ్రాయింగూ పంపలేదు. కంటికి సరిపోయిన గీత వేలికి సరిపోకపోవచ్చు. పటాన్ని ఎవరు, ఎలా చదువుతారో ముందే అడిగి తెలుసుకోవడం కూడా డ్రాఫ్ట్స్‌మన్ పనిలో భాగమేనని ఆ వేసవిలో నేర్చుకున్నాను.