నాయిన చెంబులో పాలు

పని కోసం వచ్చిన ఈ అరబ్బు దేశంలో, నయీమ్ అనే పేటలో నేనుండే గది కింద చాయ్ దుకాణం ఉంది. పొద్దున్నే అక్కడ బాదం పాలు కాగుతుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పనికి పోతాను.

మా నాయిన పేరున్న పహిల్వాన్. డేరాల్లో టికెట్ పెట్టి ఆడించే కుస్తీల్లో నాలుగేళ్లు ఆయనకు ఓటమి లేదు. ఇంట్లో పాలన్నీ, బాదం పప్పంతా ఆయనకే. ఆడపిల్ల ఎంగిలి తగిలితే పహిల్వాన్ బలం పోతుందని అమ్మ చెప్పేది. నాకప్పుడు ఆరేళ్లు. ఒకరోజు ఆకలికి ఆగలేక ఆయన చెంబులోంచి రెండు గుక్కలు తాగాను. ఆ సాయంత్రమే నాయిన ఓడిపోయాడు.

ఏడుస్తూ నేనే అమ్మకు చెప్పేశాను.

"నీ నోరు పడిపోను, నాయినను పడగొట్టినవ్ గదనే" అని అమ్మ పొయ్యికట్టెతో కొట్టింది. నాయిన అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటూ చూస్తూ ఉన్నాడు. ఆయనను ఓడించింది నేనేనని ఏళ్లకేళ్లు నమ్మాను. పాలు ముట్టలేదు.

నాకు తల నెరిశాక ఒకసారి సెలవు మీద ఊరికి పోతే, ముసలి నాయిన నవ్వుకుంటూ చెప్పాడు.

"ఆ కుస్తీ ఓడిపొమ్మని డేరా ఆయన ముందే చెప్పిండు బిడ్డా. కొత్తోని పేరు లేపాలె గదా."

"మరి అమ్మ నన్ను కొడుతుంటే చెప్పలేదేం?"

"చెప్తే ఇంట్ల నా పరువు ఏం గావాలె?"

ఆయన చనిపోయాడని ఫోన్ వచ్చిన రోజు నన్ను పనికి పెట్టుకున్న యజమాని, మా కఫీల్, సెలవు ఇస్తానన్నాడు. అక్కర్లేదని చెప్పి డ్యూటీ చేసుకున్నాను.