కళ్ళకద్దుకునే అక్క

వరంగల్‌లో మా కాలేజీ ల్యాబ్‌ల ఒక సీనియర్ అక్క ఉండేది. రక్తం ట్యూబు ఏది అందుకున్నా ముందు కళ్ళకద్దుకునేది. మేం నవ్వితే, "నవ్వకుర్రి. ఎవరింటి మనిషిదో ఏమో," అనేది. అప్పుడు మా ల్యాబ్‌ల నడుస్తున్న క్యాన్సర్ పరిశోధనకు వాళ్ళ బాపు కూడా రక్తమిచ్చిండు. ఆ ట్యూబు మీద నంబరు అక్కనే వేసింది.

తర్వాత ఇద్దరం డేటా సైన్స్‌కు మారినం. హన్మకొండల ఒకటే ఆఫీసు. ఓనాడు ఆ పాత పరిశోధన వివరాలే మా కంప్యూటర్ల మీదికొచ్చినయి. చివరి పరీక్షకు రానోళ్ళ వరుసలు పట్టికలకెల్లి తీసెయ్యాలని మా ఆఫీసు సార్ హుకుం. అండ్ల సచ్చిపోయినోళ్ళు గూడ ఉన్నరు, వాళ్ళెట్లొస్తరు?

ఒక నంబరు దగ్గర అక్క చెయ్యి ఆగింది.

"మా బాపుది. ఆఖరి పరీక్షకు వస్తననే అన్నడే. గా వారమే పాణం పోయింది."

నేను తీసేస్తనన్నా వినలే. తెర మీద ఆ వరుసను వేలితో తాకి, కళ్ళకద్దుకొని, డిలీట్ నొక్కింది.