నిప్పట్టు మీద వేసిన నింద

ముందే చెబుతున్నాను, ఇది నా పరువు పోయిన కథ. పరువుతో పాటు ఒక పన్ను కూడా పోయింది. పరువంటారా, పోవడం రావడం దానికి అలవాటే. పన్ను మాత్రం పోయిందంటే పోయిందే. చదువుతూ మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నోరు మాత్రం కొంచెం చూసి తెరవండి.

యాభైల నాటి మాట. చింతామణిలో మాకు శెనక్కాయల మండీ ఉండేది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. తలకు నూనె, జేబులో దువ్వెన, నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదన్న నమ్మకం, ఇవీ నా ఆస్తులు. కాయ ఎండిందో లేదో చూడటానికి మండీలో పళ్ళే సాధనం. గింజను ముందు పళ్ళ మధ్య పెట్టి కొరికితే టక్కుమని పగలాలి. మెత్తగా నలిగితే ఇంకా పచ్చి ఉన్నట్టు. మా నాయన ఒక్క గింజ తీసి, వేళ్ళతో నలిపి, పొట్టు ఊది, అప్పుడు కొరికేవాడు. నేనో? పిడికెడు తీసి దూరం నుంచి నోట్లోకి విసురుకునేవాణ్ణి. చూసేవాళ్ళకు చెయ్యి తిరిగినవాడిలా కనబడాలి కదా.

ఒక రోజు పాతపాళ్యం రైతు ఒకాయన మూట విప్పాడు. నేను అలవాటు ప్రకారం పిడికెడు విసురుకుని కొరికాను. టక్కుమంది. పగిలింది గింజ కాదు. గింజల్లో కలిసి వచ్చిన చేని రాయి నిక్షేపంగా ఉంది, పై వరుసలో నట్టనడుమ ఉన్న నా పన్ను సగానికి విరిగి అరచేతిలో పడింది. రైతు నా చేతికేసి చూసి, నా నోటికేసి చూసి, నెమ్మదిగా అన్నాడు.

"కాయ బాగానే ఎండుండాది సామీ. శబ్దం ఈడికి ఇనపడె."

పన్ను పోయినందుకు కాదు నా ఏడుపు. సరిగ్గా ఐదు రోజుల్లో బాగేపల్లిలో నా పెళ్ళిచూపులు. పిల్ల పేరు రుక్మిణి. ఆమెను నేను అప్పటికే కైవారంలో చూశాను. గుడి ముందు టెంకాయలమ్మే మనిషితో, ఈ కాయలో నీళ్ళు లేవని వాదించి, చెవి దగ్గర ఊపి వినిపించి, మరో కాయ ఇప్పించుకుంది. నేను అక్కడే పడిపోయాను. ఇంటికొచ్చి ఆ పిల్ల కాకపోతే మరెవరూ వద్దని అమ్మతో చెప్పేశాను. ఆరు నెలలు మధ్యవర్తులు తిరిగితే గానీ వాళ్ళు రమ్మనలేదు. వాయిదా అడుగుదామంటే, మా తర్వాత చిక్కబళ్ళాపురం సంబంధం వాళ్ళు కాచుకుని ఉన్నారట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోట్లో ఆ ఊరి తలుపే ఊడిపోయింది.

ఇంట్లో పంచాయితీ కూర్చుంది. ముందు చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి పోయాను. డాక్టరు కన్నడలో చాలా మర్యాదగా చెప్పాడు. మిగిలిన సగం పీకేస్తాడట, చిగుళ్ళు మానాక రెండు నెలలకు బెంగుళూరు పోయి కట్టుడు పన్ను పెట్టించుకోవాలట. ఐదు రోజుల్లో కావాలన్నాను. ఐదు రోజుల్లో పసిపిల్లలకు కూడా పన్ను రాదన్నాడు. మిగిలిన సగాన్ని భద్రంగా నోట్లోనే పెట్టుకుని వచ్చేశాను.

తర్వాత సంతలో పళ్ళు కట్టేవాడు. నేల మీద గుడ్డ పరిచి, దాని మీద రకరకాల పళ్ళు కుప్ప పోసుకుని కూర్చునేవాడు. ఒకటి తీసి నా సందులో పెట్టి చూసి, నీకోసమే పుట్టినట్టుందన్నాడు. ఇది ఎవరిదని అడిగాను. నిన్నటిదాకా ఎవరిదైతేనేం, ఈరోజు నుంచి నీది అన్నాడు. ఈ మాట వినగానే మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

మా మేనమామ బంగారు పన్ను పెట్టిద్దామన్నాడు. నాకు లోపల ఉబలాటంగానే ఉంది. అయితే మా అవ్వ ఒప్పుకోలేదు.

"బంగారు పన్నుతో పోతే పిల్లను చూసేదానికి పోయినట్టుండదు నాయనా, పిల్లను ఎత్తకపోయేదానికి పోయినట్టుంటాది."

అవ్వ సలహా ఏమంటే, నోరు మూసుకుని కూర్చోవడం. మాట్లాడని మగపిల్లాడికి గౌరవం ఎక్కువట. ఆమె ఎనభై ఏళ్ళలో అలాంటివాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు గనక ఆ మాట అనగలిగింది.

చివరికి మా వీధిలోని కంసాలి వీరాచారి దగ్గర తేలింది వ్యవహారం. అవ్వ పాత దంతపు దువ్వెన విరిగిన ముక్కొకటి ఉంటే, దాన్ని చెక్కి, అరగదీసి, అచ్చం పన్నులా తయారుచేశాడు. నగల లోపల నింపే లక్కను వెచ్చబెట్టి, మిగిలిన మొండి పన్ను మీద దాన్ని అతికించాడు. అద్దంలో చూసుకుంటే పాత పన్ను కన్నా ఇదే బాగుంది. వీరాచారి ఏవో జాగ్రత్తలు చెప్పాడు. గట్టివి కొరకొద్దు, వేడి తగలనీయొద్దు, తగిలితే లక్క మెత్తబడుతుంది అని. నేను అన్నిటికీ తల ఊపాను. అద్దంలో నన్ను నేను చూసుకుంటున్నప్పుడు ఎవరేం చెప్పినా నా బుర్రకెక్కదు.

బస్సులో బాగేపల్లి చేరాం. అమ్మ, మేనమామ, నేను. రుక్మిణి నాయనకు బజారులో కిరాణా అంగడి. పెద్దమనిషి ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిప్పించాడు, చాప మీద కూర్చోబెట్టాడు. నేను దారి పొడుగునా అందరినీ చూసి నవ్వుతూనే వచ్చాను. ఉన్న పన్ను చూపించుకోకపోతే ఎలా?

రుక్మిణి ఫలహారం తెచ్చి పెట్టింది. నా ముందు తట్టలో, అంటే పళ్ళెంలో, మూడు నిప్పట్లు. మీకు తెలియకపోతే చెబుతాను, బియ్యప్పిండిలో శెనక్కాయ పలుకులు, కారం కలిపి, బిళ్ళలుగా తట్టి, నూనెలో కరకరలాడేట్టు కాలుస్తారు. నాకు ప్రాణం. పిల్ల చేసిందేనని వాళ్ళమ్మ చెప్పింది. గట్టివి కొరకొద్దన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. మర్యాదకు ఒకటి చేతిలోకి తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. ఈలోగా పొగలు కక్కే కాఫీ వస్తే, నిప్పట్టును మళ్ళీ తట్టలో పెట్టేశాను. వేడి సంగతి మాత్రం గుర్తు రాలేదు. రుక్మిణి చేతి కాఫీ కదా, రెండు గుక్కలు గట్టిగా తాగాను.

మూడో గుక్కకు పన్ను కదిలింది. నాలుగో గుక్కకు నాలుక మీదికొచ్చి కూర్చుంది. పెదాలు బిగించేశాను.

సరిగ్గా అప్పుడే ఆ పెద్దమనిషి వ్యాపారం ఎట్లుందని అడిగాడు. ఊఁ అన్నాను. ఈసారి వానలు ఎట్లున్నాయన్నాడు. ఊఁహూఁ అన్నాను. ఎంతవరకు చదివావన్నాడు. వేళ్ళు చూపించాను. మా అమ్మ కంగారుగా, వాడికి సిగ్గని సర్దింది. వంటింటి తలుపు వెనక గుసగుసలు మొదలయ్యాయి. మౌనం అర్ధాంగీకారమంటారు గానీ, బాగేపల్లిలో ఆ రోజు నా మౌనం పూర్తి అనుమానమైంది. పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"తప్పుగా అనుకోవద్దండప్పా. ఇంతకుముందు ఒక సంబంధం వచ్చె. ఆ పిలగాడికి చెవులు ఇనపడవని తాంబూలాల రోజు తెలిసె. అందుకే అడుగుతాండా. నువ్వు ఒక్క మాట మాట్లాడు నాయనా. నీ పేరు చెప్పు, చాలు."

నోరు తెరిస్తే పన్ను బయట పడుతుంది. తెరవకపోతే నేను మూగవాణ్ణి. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నాలుక మీద అవ్వ దువ్వెన. రుక్మిణి తల ఎత్తి నావైపే చూస్తోంది. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఈ పిల్ల చిక్కబళ్ళాపురం వాళ్ళింటికి పోతుంది. కళ్ళు మూసుకుని, మిగిలిన కాఫీతో పాటు పన్నును గుటుక్కున మింగేశాను. నోరంతా తెరిచి నా పేరు, మా నాయన పేరు, మా తాత పేరు, మండీ పేరు కూడా చెప్పేశాను.

అందరూ నా నోట్లోకి చూస్తున్నారు.

"వచ్చినప్పుడు ఆ పన్ను ఉండె గదా," అన్నాడు పెద్దమనిషి.

వాళ్ళమ్మ నా నోరు చూసింది, తట్ట చూసింది, నెత్తి కొట్టుకుంది. నిప్పట్లు అంత గట్టిగా కాల్చొద్దంటే విన్నావా అని కూతురి మీద విరుచుకుపడింది. చూసేదానికి వచ్చిన పిలగాడి పన్ను విరగ్గొడితివే, ఊళ్ళో తలెత్తుకునేదెట్ల అని గోల. నేను కాదని చెప్పబోయాను. మా అమ్మ నా తొడ మీద గిల్లి, పోనీలే వదినా, చిన్నపిల్ల, మావాడి పన్ను పోతే పోయె అని ఎంతో ఉదారంగా అనేసింది. మేనమామ పైకప్పు వాసాలు చూస్తూ దగ్గుతున్నాడు. రుక్మిణి వంగి నా తట్ట తీసుకుని లోపలికి పోయింది. ఏడుస్తుందనుకున్నాను. నాకు నిజంగా సిగ్గేసింది. అయినా నోరు మూసుకునే ఉన్నాను. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్కటీ ఆడకుండానే నా పెళ్ళి కుదిరిపోయింది.

పన్ను విరగ్గొట్టిన పాపానికి మామగారు మారుమాట లేకుండా పిల్లనిచ్చాడు. నన్ను స్వయంగా బెంగుళూరు తీసుకుపోయి, మంచి పింగాణీ పన్ను పెట్టించాడు. అన్నీ నాకు లాభమే అనుకుంటున్నారా? అసలు నష్టం అప్పుడే మొదలైంది. అత్తగారింటికి పోతే నాకు పాలలో నానిన అటుకులు, గంజి, పాయసం. బావమరుదులు చక్కిలాలు కొరుకుతుంటే నేను చెంచాతో జుర్రుకునేవాణ్ణి. మా ఇంట్లో రుక్మిణి నిప్పట్ల పిండి ముట్టనని ఒట్టు పెట్టుకుంది. అడిగితే, వద్దులే, ఉండే పళ్ళన్నా ఉండనీ అనేది. ఇలా పదకొండేళ్ళు.

పన్నెండో ఏట ఒక మధ్యాహ్నం పక్కింట్లో నిప్పట్లు కాలుస్తున్నారు. ఆ వాసనకు నా సిగ్గు, నా భయం రెండూ కరిగిపోయాయి. రుక్మిణి బియ్యం చెరుగుతూ ఉంది. ఎదురుగా కూర్చుని, పాతపాళ్యం రాయి దగ్గర నుంచి లక్క దాకా అంతా ఒప్పుకున్నాను. నీమీద నింద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను, క్షమించు అన్నాను. ఆమె చేట ఆపలేదు.

"నాకు ఆ రోజే తెలుసు," అంది. "తట్టలో మూడు పెడితి. లోపలికి తీసకపోయి చూస్తే మూడూ ఉండె. ఒకదానికీ పన్ను గాటు కూడా లే."

నా నోరు పింగాణీ పన్నుతో సహా అన్నీ కనబడేట్టు తెరుచుకుంది. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నాను.

"అబద్ధం కూడా సరిగ్గా ఆడేది చేతకాని మొగుడైతే బతుకు సులభమని, ఒప్పుకుంటి."

మరి ఈ పదకొండేళ్ళు నిప్పట్లు ఎందుకు చేయలేదని అడిగాను, దాదాపు ఏడుస్తూ.

"నువ్వు ఎప్పుడు చెప్తావో చూద్దామని."

చేట పక్కన పెట్టి, పొయ్యి మీద బాణలి పెట్టింది. ఆ సాయంత్రం కాల్చిన మొదటి నిప్పట్టు మీద చెయ్యేసి, సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఏ నిప్పట్టు మీదా నింద వేయను. తప్పనిసరిగా వేయాల్సి వస్తే, ముందు దాన్ని తినేసి మరీ వేస్తాను.