ఐదో ఓకే

యూసుఫ్‌గూడ నుంచి ఫిల్మ్ నగర్ వెళ్లే బస్సులో నా పక్క సీటావిడ తనలో తాను "ఓకే, ఓకే" అనుకుంటోంది. నేను వింతగా చూస్తుంటే నవ్వింది.

"డబ్బింగ్ చెప్తనక్కా. తెర మీద పెదాలు వేరేటోళ్లయి, గొంతు నాది. ఇయ్యాల నలుగురికి గీ ఒక్క మాటనే చెప్పాలె."

అడక్కుండానే వినిపించింది. పెళ్లి కుదిరిన పిల్ల ఓకే సిగ్గుతో సగమే బయటికొచ్చింది. మేనేజరమ్మ ఓకే అంటే ఇక బయటికి నడవమని. అత్తగారి ఓకేలో ఒప్పుకోలు మచ్చుకైనా లేదు. భర్త బతకడని డాక్టరు చెబితే భార్య అనే ఓకేకి నా ఒళ్లు జలదరించింది. ఒక్క గొంతులో ఇంతమంది ఎలా కాపురముంటున్నారో!

అంతలో ఆమె ఫోన్ మోగింది. స్పీకర్‌లో ఆడపిల్ల గొంతు.

"అమ్మా, డాడీ కండ్లు తెరిచిండు! ఆపరేషన్ మంచిగైందంట. ఇంటున్నవా?"

ఆమె పెదాలు "ఓకే" అని కదిలాయి. గొంతు పెగల్లేదు. మళ్లీ కదిలాయి.

"అమ్మా? ఏమైందే?" పిల్ల భయపడిపోతోంది.

నేను ఫోన్ దగ్గరికి వంగి, ఆ పెదాలనే చూస్తూ, "ఓకే బిడ్డా" అన్నాను.

నా జన్మకి నేను చెప్పిన డబ్బింగ్ అదొక్కటే.