పంచర్ ఆశీర్వాదం

ఆశీర్వాదం అన్న సైకిలెక్కితే పంచర్ కావాల్సిందే. ఉప్పల్, నాచారం చుట్టుపక్కల ఆయన టైరులో గాలి పోని మలుపంటూ లేదు. మేమందరం ముళ్ల మీద నుంచి పోయినా ఏమీ కాదు. ఆయన కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీద పోయినా అవుతుంది. అందుకే మా సైకిలు బృందంలో ఆయన పేరు పంచర్ ఆశీర్వాదం.

పోనీ పని రానివాడా అంటే, నాచారం పారిశ్రామికవాడలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. గోడ అవతల తిరిగే మిషను చప్పుడు విని, ఏ బేరింగు పోబోతోందో ఇవతల నిలబడి చెప్పేవాడట. అంతటివాడి సొంత సైకిలు మాత్రం ప్రతి ఆదివారం కూలబడేది.

మా బృందానికి నాయకుడు ఉమాపతి సారు. బస్సు డిపోలో కంట్రోలరు. మెడలో విజిలు, చేతికి రెండు గడియారాలు, ఒకటి ఆగితే ఇంకోటి. ఆయన రూలు ఒక్కటే: "మనిషి అలిసిపోతే ఎనక వచ్చే వ్యాను ఎక్కాలె. బండి ఖరాబైతే అందరం ఆగాలె." డిపోలోనూ అంతేనట. డ్రైవరుకు బదులు ఇంకో డ్రైవరు వస్తాడు గానీ, చెడిపోయిన బస్సును నడిరోడ్డు మీద వదిలి ఎవరూ పోరు.

ఇక నేను. పేరు దయాకర్, ఉప్పల్‌లో కళ్లద్దాల షాపు. ఏ పనైనా ఘనంగా మొదలుపెట్టి సగంలో వదిలేయడంలో నన్ను మించినవాడు లేడు. జిమ్ముకు తొమ్మిది రోజులు పోయాను, యోగాకు నాలుగు. హార్మోనియం కొని 'రి' దాకా వచ్చాను. నలభై ఆరో ఏట డాక్టరు షుగరుందనడంతో సైకిలెక్కాను.

మొదటి ఆదివారమే నారపల్లి దాటాక, నేను మంచి ఊపు మీదున్న సమయంలో (డొక్కలో కొంచెం పోటు ఉన్నమాట నిజమే), నా ముందు పోతున్న ఆశీర్వాదం అన్న చెయ్యెత్తాడు.

"పంచర్!"

విజిలు మోగింది. అందరం దిగాం. ఆయన సైకిలును తలకిందులుగా నిలబెట్టి, తువ్వాల పరిచి, సామాను ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చాడు. తర్వాత సకినాల డబ్బా తీశాడు. అది అందరి చేతుల్లోంచి తిరిగొచ్చేదాకా టైరు ముట్టుకోలేదు.

"అన్నా, పంచర్ షాపోడు ఐదు నిమిషాల్ల ఏస్తడు. నీకు అరగంటేంది?"

"నిదానమే ప్రధానం తమ్మీ. నువ్వు జర కూసో. సకినం తిను."

మౌలాలి గుట్ట రోడ్డు ఎక్కడం ప్రాక్టీసు చేసిన రోజున పంచరు కాలేదు. చైను ఊడింది, మూడుసార్లు. నాకు పిక్కలు పట్టేశాయి గానీ, ఇంకో వంద గజాలు పోనిస్తే రికార్డు కొట్టేవాణ్ణని ఇంటికొచ్చి చెప్పాను. ఆయన ఎప్పుడూ నా ముందే ఎందుకు పోతాడో, నా స్పీడుకు ఎందుకు అడ్డం తగులుతాడో నాకు అర్థమయ్యేది కాదు. చివరికి అందరం కలిసి ఆయనకు కొత్త టైర్లు వేయించాం. మరుసటి ఆదివారం నాకు కాస్త ఆయాసం మొదలైందో లేదో, మల్కాజిగిరి స్టేషను దగ్గరే ఆగాడు.

"కొత్త టైరు గద తమ్మీ, ఇంకా రోడ్డు అలవాటు గాలే."

నేనోసారి వాళ్లింటికి పోయి ఆయన భార్య లూర్దమ్మక్కకే ఫిర్యాదు చేశాను. ఆమె కూడా ఆశ్చర్యపోయింది. "ఇంట్ల మిక్సీకి ఇరవై ఏండ్లు, ఫ్యానుకు ముప్పై. ఒక్కనాడు ఆగనియ్యలే ఈయన. ఆ సైకిల్‌కేం రోగమో మరి!"

ఇలా ఏడాదిన్నర గడిచాక ఉమాపతి సారు లడఖ్ ప్రయాణం పెట్టాడు. లేహ్ నుంచి ఖర్దుంగ్ లా కనుమ దాకా నలభై కిలోమీటర్లు ఎక్కుడే ఎక్కుడు. మళ్లీ నలభై దిగుడు. అంతా ఒక్కరోజులో. పదిహేడు వేల అడుగుల పైన, పీల్చుకుందామంటే గాలి సగమే దొరికే చోటు. మా బావమరిది తేజేష్ ఆగలేక నాచారం చౌరస్తాలో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు. మా అమ్మాయి ప్రజ్ఞ దాన్ని చూసి, "నాన్నా, నువ్వు ఒక్కటన్నా పూర్తిగ చేసింది నేను ఇంతవరకు సూడలే" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. ఈసారి వ్యాను ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

లేహ్‌లో నాలుగు రోజులుండి ఒంటికి ఆ గాలి అలవాటు చేసుకుని, ఐదో రోజు తెల్లవారి ఆరుకు ఎనిమిదిమందిమి బయల్దేరాం. "మూడు గంటలకు ఎక్కడున్నోళ్లు అక్కడినించే వాపస్. మంచు పడ్తది" అన్నాడు ఉమాపతి సారు. పది గంటలకు ఆశీర్వాదం అన్నకు మొదటి పంచరు. పదకొండున్నరకు రెండోది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ డొక్కు సైకిల్‌తోని నా కష్టమంతా మన్నుల కలుస్తున్నదన్నా! మూడు గాకముందే ఎక్కాలె నేను!"

"ఫికర్ జెయ్యకు తమ్మీ, ఎక్కుతవ్" అంటూ, ఎగశ్వాసతో పంపు కొడుతూనే డబ్బా నా వైపు జరిపాడు.

ఒంటిగంట దాటింది. నా కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయి. ఇక దిగి, వ్యానుకు చెయ్యెత్తుదామని తలెత్తాను. రోడ్డు అక్కడ మడతపడి మా నెత్తి మీదికే వస్తుంది. సరిగ్గా నా పైన, రెండు నిలువుల ఎత్తులో, ఆశీర్వాదం అన్న సైకిలు ఆపాడు. వంగి నన్నొకసారి చూశాడు. తర్వాత తీరిగ్గా కూర్చుని, వాల్వు మూత తిప్పి, గోటితో పిన్ను నొక్కాడు. గాలి మొత్తం పోయేదాకా ఆగి లేచి, "పంచర్!" అని అరిచాడు.

ముందు నుంచి ఉమాపతి సారు విజిలేస్తూ వచ్చాడు. "గడ్డిపోచ మొలవదు ఈడ. ముల్లు ఏడికెల్లి వచ్చిందయ్యా?"

"అదే సూడున్రి సార్, నన్ను ఎతుక్కుంట వచ్చింది!"

నారపల్లిలో నా డొక్కలో పోటు, మౌలాలిలో నా పిక్కలు, మల్కాజిగిరిలో నా ఆయాసం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. మనిషి అలిసిపోతే వ్యాను, బండి చెడితే విరామం. ఏడాదిన్నరగా నేను అలిసినప్పుడల్లా ఆయన బండి చెడింది. ఊరందరికీ కళ్లద్దాలు పెట్టే నాకు కళ్లెదుట ఉన్నది కనపడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పైకెక్కి ఆయన డబ్బాలోంచి సకినం అందుకున్నాను.

ఇంకా మూడు కిలోమీటర్లుందనగా ఆయన సైకిలు అటూ ఇటూ తూలడం మొదలైంది. అరవై ఒకటో ఏట, అంత ఎత్తున, మేం కూర్చున్న ప్రతిసారీ పంపు కొట్టింది ఆయనే మరి. ముఖం పాలిపోయింది. ఉమాపతి సారు గమనించి వ్యాను వైపు చూపిస్తూ విజిలు నోట్లో పెట్టుకున్నాడు.

నేను ఒక్క ఉదుటున దిగి, వంగి, నా టైరు వాల్వు పట్టుకుని బలంగా తిప్పాను. గాలితో పాటు వాల్వే ఊడి చేతికొచ్చింది.

"పంచర్ సార్! నాదే!"

ఆశీర్వాదం అన్న టైరును చూశాడు, నా చేతిలోని వాల్వును చూశాడు, నన్ను చూశాడు. వచ్చి రాయి మీద కూలబడ్డాడు. ఈసారి టైరు విప్పింది, ట్యూబు మార్చింది, పంపు కొట్టింది నేను. ఆయన కూర్చుని ఊపిరి కూడదీసుకున్నాడు. ముఖానికి కాస్త రంగు వచ్చాక ఉమాపతి సారుకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"గట్ల పీకుతరా? గోటితోని మెల్లగ ఒత్తాలె. గాలి తీసుడు గూడ నేర్చుకునే పనే తమ్మీ."

"నేను అలిసిపోయినట్టు నీకెట్ల ఎరుకయ్యేదన్నా? నువ్వెప్పుడూ నా ముందే ఉంటివి గద?"

"చప్పుడు. ముప్పై నాలుగేండ్లు మిషన్ల చప్పుడు ఇన్నోన్ని. నీ ఊపిరి గంత లొల్లి జేస్తది, ఇనపడదా?"

మూడుకు ఎనిమిది నిమిషాలుందనగా ఇద్దరం కలిసి కనుమ మీదికి చేరాం. పుట్టి బుద్ధెరిగాక మొదలుపెట్టింది పూర్తి చేయడం నాకదే మొదటిసారి. కనుమ పేరు రాసిన బోర్డు పట్టుకుని ఏడ్చాను, వెంటనే నవ్వాను కూడా. ఆశీర్వాదం అన్న నా వీపు తడుతూ నిలబడ్డాడు.

ఉమాపతి సారు డైరీ తీసి, చదువుతూ రాసుకున్నాడు. "వచ్చినోళ్లు ఎనిమిది మంది. పంచర్లు నాలుగు. వ్యాను ఎక్కినోళ్లు లేరు." పెన్ను మూసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సైకిళ్లే ఖరాబైనయి. మనుషులంతా మంచిగనే ఉన్నరు. నేనేమీ సూడలే గని, వాపసు పోయేటప్పుడన్నా పంచర్లు లేకుంట సూసుకోరాదయ్యా?"

"ఇగ దిగుడే గద సార్" అన్నాడు ఆశీర్వాదం అన్న. "దిగేటప్పుడు పంచర్లు గావు."