అక్క మంచం మీద వేలాడిన వరికుచ్చు

మా చిన్నప్పుడు... కోతలైన కొత్తలో, మా అక్క గడ్డివామి ఎక్కి కిందికి దూకి కాలు విరగ్గొట్టుకుంది. నెల్లూరు తీసుకెళ్లి తొడ దాకా పిండికట్టు వేయించుకొచ్చారు.

చిల్లకూరు పక్కన మా ఊరు. ఇంటి ముందు పంచలో నులక మంచం వేసి అక్కని పడుకోబెట్టారు. ఊళ్లో మగపిల్లల కంటే వేగంగా పరిగెత్తే పిల్ల... కప్పు చూస్తూ పడుకునేది. అన్నం సగం వదిలేసేది. ఎవరు పలకరించినా ఊ అనేది, అంతే.

ఆమెకున్న ఒకే కాలక్షేపం పిచ్చుకలు. ఏటా కోతలప్పుడు మా అవ్వ మంచి కంకులు ఏరి, జడలా అల్లి, కుచ్చు కట్టి పంచ దూలానికి వేలాడదీసేది. ఆ ఏడాది గోడమీది పటం వెనక ఒక జంట గూడు పెట్టి పిల్లల్ని చేసింది. కుచ్చు మీద వాలి నాలుగు గింజలు తినడం, పిల్లల కోసం పురుగుల వేటకి పోవడం, మళ్లీ రావడం... పొద్దస్తమానం అదే పని.

దానికి అడ్డొచ్చింది ఉడత. జామచెట్టు మీది నుంచి కప్పు మీదికి, అక్కడి నుంచి దూలం మీదికి, తాడు పట్టుకుని కుచ్చు మీదికి. తిన్నంత తిని, పోతూ పోతూ తాడు కొరికేది. కిందపడిన కుచ్చుని కోళ్లు ఖాళీ చేసేవి. రెండోసారి కుచ్చు పడిన రోజు పిచ్చుకలు బెదిరిపోయి చాలాసేపు పంచలోకి రాలేదు. గూట్లో పిల్లలు అరుస్తూనే ఉన్నాయి... అక్క దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చింది. కాలు విరిగినప్పుడు కూడా ఏడవని పిల్ల.

"పోనీలే మే, ఉడత కూడా బతకాల గదా," అన్నాడు నాయన.

"అది జామకాయలు తిని బతకతాది నాయనా. ఈటి పిల్లలు యాడికి పోతాయి?" అంది అక్క, దుప్పట్లోంచే.

నాయన లేచి పోయి ఇనప తీగ తెచ్చి, కొత్త కుచ్చు దానికి కట్టాడు.

తీగని ఉడత కొరకలేకపోయింది. కానీ దాన్నే పట్టుకుని జర్రున దిగింది. తీగకి ఆముదం పూద్దామన్నాడు నాయన. అవ్వ ఒప్పుకోలేదు. "రెక్కలకి జిడ్డంటుకుంటే పిచ్చిక ఎగరలేదు అబ్బయ్యా. ఆ పని మాత్రం చెయ్యబాక."

అప్పుడు మొదలుపెట్టింది అక్క... చూడటం. ఉడత ఎటు నుంచి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఎంత దూరం దూకుతుంది... మంచం మీది నుంచి అన్నీ గమనించింది.

"నాయనా, అది ఎప్పుడూ పైనించే వస్తా ఉండాది. కుచ్చుకి గొడుగు పట్టాల."

నాయన పాత సత్తు పళ్లానికి చిల్లి పెట్టి, తీగలోంచి దూర్చి, కుచ్చు పైన నిలబెట్టాడు. ఉడత ఆ పళ్లెం అంచుకి వెనక కాళ్లు తగిలించి, తలకిందులుగా వేలాడుతూ తాపీగా తిన్నది. నాయనకి నవ్వొచ్చింది. అక్కకి రాలేదు.

"చిన్నదైపోయింది. ఇంకా పెద్దది కావాల... జారేదిగా ఉండాల."

ఈసారి నాయన ఖాళీ నూనె డబ్బా కత్తిరించి, రేకుని గరాటులా చుట్టి, వెడల్పు వైపు కిందికి పెట్టాడు. పిట్టలకి గీరుకోకుండా అంచులు లోపలికి మడిచాడు. ఉడత పైనుంచి రానేలేదు... పక్కనున్న స్తంభం ఎక్కి ఒక్క దూకులో కుచ్చు అందుకుంది.

స్తంభాలకీ గోడకీ దూరంగా కట్టాలంది అక్క. పంచలో అలాంటి చోటు ఒక్కటే ఉంది... సరిగ్గా ఆమె మంచానికి పైన.

"గింజల పొట్టంతా నీ మీద రాలతాది మే. రెట్టలు కూడా," అంది అమ్మ.

"రాలనీమా."

మరుసటి పొద్దున అందరం పనులు మానుకుని గడప దగ్గర నిలబడ్డాం. ఉడత స్తంభం ఎక్కింది. దూరం చూసుకుని దిగిపోయింది. కాసేపటికి దూలం మీద కనబడింది. తీగ పట్టుకుని దిగి, రేకు మీద కాలు పెట్టింది...

సర్రున జారి అక్క దుప్పటి మీద పడింది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉడత పిండికట్టు మీదుగా పరిగెత్తి, జామచెట్టెక్కి, మమ్మల్నందర్నీ తిట్టడం మొదలుపెట్టింది. అక్క నవ్వింది... కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ లోపలికి పోయింది.

కొంతసేపటికి పిచ్చుకల జంట వచ్చి కుచ్చు మీద వాలింది. వాటిని బెదరగొట్టకూడదని అక్క ఊపిరి బిగబట్టి పడుకుంది. పొట్టు ఆమె జుట్టు మీద రాలుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం కంచంలో మెతుకు మిగల్చలేదు.

కుచ్చు కాపాడే పనంతా ఆ తర్వాత అక్కదే. మా వైపు సముద్రపు గాలికి చెమ్మ ఎక్కువ. నా చేత రోజూ కంకులు తడిమించేది. మెత్తబడ్డవి, బూజు వాసన వేసేవి తీయించి కొత్తవి గుచ్చించేది. రేకుకి అంటిన రెట్టలు కడిగించేది. అవ్వ మాత్రం జామచెట్టు మొదట్లో గుప్పెడు శనక్కాయలు పోసేది, "ఓడిపోయినోళ్లకి కూడా అన్నం పెట్టాల" అంటూ.

పిచ్చుక పిల్లలు ఎగిరిపోయాయి. అక్క కట్టు విప్పారు. అప్పటికే ఊళ్లో సగం పంచల్లో మా రేకు గొడుగులు వేలాడుతున్నాయి. ఎవరడిగినా నాయన చెప్పే మాట ఒకటే. "నేను రేకు కత్తిరించాను, అంతే. తెలివి మా పెద్దమ్మిది."

అక్క ఇప్పుడు కావలిలో ఉంటుంది. మొన్న మేడ మీద పిట్టల కోసం కొన్న ప్లాస్టిక్ గింజల డబ్బాని ఉడత కొరికేసిందట. దాన్ని మూలన పడేసి, గింజలు పోసిన చిప్ప మీదికి రేకు కత్తిరిస్తున్న ఫోటో పంపింది. ఉడత ఓడిందని సాయంత్రానికే కబురు కూడా...

కానీ కుచ్చు కట్టడానికి కంకులే దొరకడం లేదు. పొలంలోకి మిషన్ దిగితే గంటలో గింజ ఒక వైపు, గడ్డి ఒక వైపు. కొడవలితో కోసి, కంకి నలగకుండా ఇంటికి తెచ్చే కోతలు మా వైపు కనబడటమే లేదు...

మీ ఇళ్లల్లో పిచ్చుకలకి కుచ్చు ఎవరు కట్టేవాళ్లు? మీ ఊరి ఉడతల్ని ఎవరైనా గెలిచారా? ఆ మనిషి పేరుతో సహా రాయండి... చదవాలనుంది.