ఎల్లవ్వ కోడలి పేరు చెప్పింది

కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న ఏప్రిల్‌లో, సూరత్‌లోని ఒక ఆసుపత్రిలో ఫారం రాసే మనిషి ఆయాసంతో చేరిన ఎల్లవ్వను హిందీలో అడిగాడు, ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే ఎవరికి ఫోన్ చేయాలని. ఎల్లవ్వ కొడుకు అంబదాస్ పేరు చెప్పలేదు. పక్కనున్న కోడలి మోచెయ్యి పట్టుకుని, "సంధ్యారాణి" అంది.

ఆ ఊళ్లోనే పాండేసర బస్తీలో ముప్పై ఏళ్లు మరమగ్గాలకు కండెలు చుట్టిన మనిషి ఎల్లవ్వ. ఆరేళ్ల కిందట ఆమె భర్త గొంతులో గొట్టంతో, మంచానికి కట్టేసిన చేతులతో కన్నుమూశాడు. అప్పటినుంచి కోడలికి ఒకటే చెప్పేది.

"నాకు గట్ల చేయనియ్యకు బిడ్డా. అంబదాస్‌గాడు ఏడుస్తడు గని ఆలోచన చెయ్యడు. నువ్వే చెప్పాలె."

"సరే అత్తమ్మా" అనేది సంధ్యారాణి. ఆ మాట నిజంగా చెప్పాల్సి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మూడో రోజు పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అంబదాస్‌కూ కరోనా సోకి, లోపలి గదిలో తలుపేసుకుని పడుకున్నాడు. పిల్లలిద్దరికీ జ్వరం. సంధ్యారాణి పొయ్యి మీద జావ కలుపుతోంది. వెంటిలేటర్ ఒకటి ఖాళీ అయిందనీ, వెంటనే చెప్పకపోతే వేరేవాళ్లకు పెడతామనీ డాక్టర్ అన్నాడు.

"పెడితే బతుకుతదా సాబ్?"

చెప్పలేనన్నాడాయన. పెట్టకపోతే మాత్రం కష్టమన్నాడు. అత్తమ్మతో మాట్లాడించమని అడిగింది. స్పృహలో లేదన్నాడు.

సంధ్యారాణి మూసి ఉన్న తలుపు వైపు చూసింది. ఒక్క కేక వేస్తే భర్త లేచి వస్తాడు. వేయలేదు.

"వద్దు సాబ్. ఆమె వద్దన్నది."

మర్నాడు ఎల్లవ్వ పోయింది. మెషీన్ పెట్టలేదా అని అంబదాస్ అడిగితే, సంధ్యారాణి నోటికి వచ్చింది చెప్పేసింది: "మెషీన్ దొరకలే."

దసరా ముందు, పక్క గల్లీ భాగీరథి తమ్ముడు వీధిలో ఎదురయ్యాడు. పదిహేను రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికి వచ్చినవాడు. కూరగాయల సంచి మోసుకుని, నవ్వుతూ పలకరించాడు. సంధ్యారాణి ఇంటికొచ్చి భర్తకు అంతా చెప్పేసింది.

"నేనైతే పెట్టుమనేటోణ్ణి" అన్నాడు అంబదాస్.

"నాకెరుకే."

"మరి నాకెందుకు అబద్ధం చెప్పినవ్?"

"బుగులైంది, నువ్వేమంటవోనని. ఇంకోటి గూడ ఉన్నది. ముగ్గురికి చేసి చేసి పానం యాష్టకొచ్చింది. ఫోన్ల వద్దన్నప్పుడు, ఒక్క పని తగ్గుతదనిపించింది. అత్తమ్మ మాట కోసం వద్దన్ననో, నా కోసం అన్ననో నాకే తెల్వదు."

అతడు చెప్పులేసుకుని షిఫ్టుకు వెళ్లిపోయాడు. పక్షం రోజులు అన్నం పెడితే తిన్నాడు, అంతే. ఆ తర్వాత మెల్లగా మాటలు కలిశాయి గానీ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

సంవత్సరీకానికి ఎల్లవ్వ చెల్లెలు వెంకటవ్వ ఊరి నుంచి వచ్చింది. విస్తరి ముందు కూర్చుని, "అక్కకు మిషిన్ గిట్ల పెట్టలేదారా?" అని అడిగింది.

వడ్డిస్తున్న సంధ్యారాణి చేతిలో గరిటె ఆగింది.

"దొరకలే చిన్నవ్వా" అన్నాడు అంబదాస్, తల ఎత్తకుండా.

సంధ్యారాణి వంటింట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. తన అబద్ధాన్ని ఇప్పుడు అతనూ మోస్తున్నాడు. కాసేపటికి బయటినుంచి పప్పు అడిగారు. కళ్లు తుడుచుకుని తీసుకెళ్లింది.